వైజాగ్ నుంచి గన్నవరం: 290 కిలోమీటర్లకి గంటా పది నిమిషాలా?

కంచరపాలెం కుర్రాడు (రాత్రి 8:42)
అందరికీ నమస్కారం. వచ్చే నెల మంగళగిరిలో సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఉంది. ఉదయం 11 కల్లా అక్కడ ఉండాలి. ఎప్పుడూ రైలే కదా, ఈసారి విమానం చూద్దామని టికెట్ల సైటు తెరిచాను. వైజాగ్ నుంచి విజయవాడకి (గన్నవరం ఎయిర్‌పోర్టు) 1 గం. 10 ని. అని ఉంది. దూరాలు లెక్కగట్టే ఇంకో సైటులో 290 కి.మీ., 52 నిమిషాలు అని ఉంది. విమానం గంటకి 800 కి.మీ. పోతుందంటారు. ఆ లెక్కన 22 నిమిషాల్లో దిగిపోవాలి. మిగతా ముప్పావుగంట ఏమవుతోంది? రోడ్డు మీద 350 అయితే గాల్లో 290 ఎలా అయింది? ఈ రెండూ తేలితే టికెట్ కొనాలో వద్దో తేల్చుకుంటాను.

సిక్కోలు చిన్నోడు (రాత్రి 8:51)
గాల్లో టోల్ గేట్లు ఉండవు కదేటి బావా, అందుకే తగ్గిపోయింది.

మర్రిపాలెం మాస్టారు (రాత్రి 9:20)
రెండో ప్రశ్న నాకు వదిలేయండి, లెక్కల మాస్టారిని. వైజాగ్ ఎయిర్‌పోర్టు 17.72 ఉత్తర అక్షాంశం, 83.22 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. గన్నవరం 16.53, 80.80. అక్షాంశాల తేడా 1.19 డిగ్రీలు. డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 132 కి.మీ. రేఖాంశాల తేడా 2.42 డిగ్రీలు. అయితే రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరపడతాయి కాబట్టి మన 17 డిగ్రీల దగ్గర ఒక్కో డిగ్రీకి 106 కి.మీ. మాత్రమే వస్తుంది. అంటే 257 కి.మీ. ఇక పదో తరగతి పైథాగరస్: 132 వర్గం, 257 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 289. భూమి గుండ్రమే అయినా ఇంత చిన్న దూరానికి ఆ తేడా లెక్కలోకి రాదు. సైటు చెప్పిన 290 సరైనదే.

రోడ్డుతో తేడా 60 కి.మీ. ఎందుకంటే చాలామంది మలుపుల వల్ల అనుకుంటారు. మొత్తం మలుపులదే కాదు. మ్యాపు తీసి చూడండి. గన్నవరం విజయవాడకి తూర్పున, అంటే మన వైపు ఓ ఇరవై కిలోమీటర్లు ముందుకొచ్చి ఉంది. మన ఎయిర్‌పోర్టేమో ఊరికి పడమర కొసన, విజయవాడ వైపు ఉంది. రెండూ ఎదురెదురుగా నిలబడ్డట్టు అన్నమాట. రైల్వే స్టేషన్ నుంచి రైల్వే స్టేషన్‌కి అదే లెక్క కట్టండి, తిన్నటి గీత మీదే 313 వస్తుంది. కాబట్టి ఆ 60లో ఇరవై పైన కిలోమీటర్లు మీరు ఎలాగూ కారులోనో ఆటోలోనో పోవాల్సిందే. అవి ఎక్కడికీ పోలేదు, టికెట్ మీద కనబడవంతే.

గన్నవరం గాలిపటం (రాత్రి 9:33)
మాస్టారూ, ఈ ఎదురెదురు సంగతి ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. ఇంకోటి గమనించారా? ఆ గీత దాదాపు హైవేని అంటిపెట్టుకునే పోతుంది. రాజమండ్రి దగ్గరే గోదావరి దాటి, తుని మీదుగా, అనకాపల్లికి కింద నుంచి. రోడ్డు వేసినవాళ్లు పెద్దగా దారి తప్పలేదు.

మెడికల్ రెప్ (రాత్రి 9:47)
ఈ లెక్కలన్నీ బాగానే ఉన్నాయి గానీ తమ్ముడూ, పోయేది మంగళగిరికి. విమానం వైజాగ్ నుంచి గన్నవరానికి పోతుంది, నువ్వు ఇంటి నుంచి హాలుకి పోతావు. రెండూ ఒకటి కాదు. నా మాట విని రైలెక్కు.

టవర్ తాతయ్య (రాత్రి 10:15)
మొదటి ప్రశ్నకి నేను చెబుతాను బాబూ. రాడార్ తెరల ముందు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి.

టికెట్ మీద వేసేది విమానం గాల్లో ఉండే సమయం కాదు. చక్రాల కింద అడ్డు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతల ఆగి మళ్లీ అడ్డు పెట్టే క్షణం దాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. వెనక్కి నెట్టించుకోవడం, ఇంజన్లు స్టార్ట్ చేయడం, రన్‌వే కొసకి నడవడం, ముందు ఇంకో విమానం ఉంటే ఆగడం, అన్నీ అందులోవే. పది నిమిషాలు సులువుగా పోతాయి. దిగాక విమానం నిలిపే స్టాండు దాకా రావడానికి ఇంకో ఐదు.

ఇక గాల్లో. నీ 800 కి.మీ. వేగం ముప్పై వేల అడుగుల పైన, దూర ప్రయాణంలో. పదివేల అడుగుల కింద 250 నాట్లు దాటకూడదు, అంటే గంటకి 463 కి.మీ. ఎక్కేటప్పుడు ఓ నాలుగైదు నిమిషాలు, దిగేటప్పుడు పది పన్నెండు నిమిషాలు ఆ హద్దులోనే గడుస్తాయి. పైగా ల్యాండింగ్ ముందు ఇంకా తగ్గించాలి. నీ 290 కి.మీ., అంటే 157 నాటికల్ మైళ్ల దారిలో జెట్ విమానం పైకెక్కి ఊపిరి పీల్చుకునేసరికి కిందికి దిగమంటారు. పూర్తి వేగంతో పది నిమిషాలు పోతే గొప్ప. మొత్తం మీద గాల్లో 35 నుంచి 40 నిమిషాలు వేసుకో.

నువ్వు చూసిన 52 నిమిషాల లెక్క ఎలా వస్తుందో తెలుసా? అలాంటి సైట్లు గంటకి 500 మైళ్లు, అంటే 805 కి.మీ. అనుకుని భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అని ఓ అరగంట కలిపేస్తాయి. 22కి 30 కలిపితే 52. ఏ ఊరికైనా అదే సూత్రం. ఏ విమానమో, ఏ రన్‌వేనో దానికి అక్కర్లేదు.

ఎండాడ అక్క (రాత్రి 10:28)
తాతయ్య గారూ, అన్నీ కలిపినా 55 అవుతున్నాయి. ఇంకో పావుగంట ఎక్కడ?

టవర్ తాతయ్య (రాత్రి 10:41)
అది సర్దుబాటు అమ్మా. టైముకి నడిచిందీ లేనిదీ లెక్క వేసేటప్పుడు 15 నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యం కింద రాయరు. దానికి తోడు టైమ్‌టేబుల్లోనే కొంత మిగులు వేసుకుంటే ఇంకా భద్రం. పది నిమిషాలు లేటుగా బయలుదేరినా చేరేది టైముకే. అందుకే ఒక్కోసారి "ముందే వచ్చేశాం" అని అనౌన్స్ చేస్తుంటారు. వాళ్లు వేగంగా నడిపి కాదు. దీన్ని మోసం అనను, వర్షం రోజున ఆ మిగులే కాపాడుతుంది.

మన వైజాగ్‌లో ఇంకో కారణం కూడా ఉంది. ఇది ఐఎన్ఎస్ డేగా, నౌకాదళం ఫీల్డు. సివిల్ టెర్మినల్ అందులో ఒక మూల. హాక్ శిక్షణ విమానాలు, డోర్నియర్లు, హెలికాప్టర్లు అదే రన్‌వే వాడతాయి. వాటి పని ఉంటే మనం ఆగాలి.

రన్‌వే దిక్కు కూడా చూడు. ఇక్కడ రన్‌వే పేరు 10/28. ఒక కొస నుంచి ముక్కు 100 డిగ్రీల వైపు, అంటే తూర్పుకి. రెండో కొస నుంచి 280 వైపు, పడమరకి. విమానం ఎదురుగాలిలోకి దిగాలి. వేసవిలో, వానాకాలంలో మనకి నైరుతి గాలి కాబట్టి 28 మీద దిగుతారు. పరికరాల సాయంతో దిగే ఐఎల్ఎస్ కూడా ఆ వైపే ఉంది. 28 మీద దిగాలంటే సముద్రం వైపు నుంచి రావాలి. గన్నవరం నుంచి వచ్చే విమానం నైరుతి నుంచి వస్తుంది. అంటే ఊరు దాటి సముద్రం మీదికి పోయి, వెనక్కి తిరిగి, పోర్టు పక్కగా దిగాలి. నీ 290కి అక్కడే ఓ 30, 40 కి.మీ. కలుస్తాయి.

కంచరపాలెం కుర్రాడు (రాత్రి 10:50)
అమ్మో! అందుకేనా మా మేడ మీద నుంచి చూస్తే ఎక్కడి నుంచి వచ్చే విమానమైనా సముద్రం వైపు నుంచే వస్తున్నట్టు కనిపిస్తుంది!

సిక్కోలు చిన్నోడు (రాత్రి 10:54)
రెక్కల మీద ఫ్యాన్లు తిరిగే విమానం అయితే ఇంకా లేటు కదా? నాకు దాన్ని చూస్తేనే టెన్షన్.

గన్నవరం గాలిపటం (రాత్రి 11:06)
ఏటీఆర్ 72 సంగతి కదా. దాని వేగం గంటకి 500 కి.మీ. పైచిలుకు. వినడానికి జెట్‌కి సగం పైన అంతే. కానీ ఈ దారిలో తేడా పది నిమిషాలకి మించదు, తాతయ్య గారు చెప్పిన కారణానికే. జెట్‌కి వేగం చూపించే చోటు లేదు. ఇలాంటి పొట్టి దారికి ఏటీఆరే తగిన బండి, ఆయిల్ కూడా తక్కువ తాగుతుంది. ఇక భయం మాట. ఆ ఫ్యాన్ల వెనక ఉండేది కూడా టర్బైన్ ఇంజనే. తక్కువ ఎత్తున పోతుంది కాబట్టి మబ్బుల్లో కాస్త ఎక్కువ కుదుపుతుంది, అంతే.

మెడికల్ రెప్ (రాత్రి 11:15)
నేను చెప్పిందే మళ్లీ చెబుతున్నా, ఈసారి అంకెలతో. కంచరపాలెం నుంచి ఎయిర్‌పోర్టుకి ట్రాఫిక్‌తో 30 నిమిషాలు. చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు. చేతి సంచి ఒక్కటే ఉన్నా గంటన్నర ముందు ఉండాలి. విమానం 70. దిగి బయటికి రావడానికి 15. గన్నవరం నుంచి మంగళగిరికి గంట పెట్టుకో, బెంజ్ సర్కిల్ దగ్గర దేవుడు చల్లగా చూస్తే. మొత్తం 4 గంటల 25 నిమిషాలు.

వందేభారత్ తెల్లవారుజామున బయలుదేరి సుమారు 4 గంటల్లో విజయవాడలో దింపుతుంది. స్టేషన్‌కి అరగంట, ముందుగా 20 నిమిషాలు, అక్కడి నుంచి మంగళగిరికి 35. అంటే 5 గంటల 25. తేడా ఒక్క గంట. ఆ గంట కోసం మూడింతలు డబ్బు పెట్టి, బెల్టు విప్పి, సీసాలో నీళ్లు పారబోసి, ఎందుకు తమ్ముడూ? వారంలో ఒకరోజు ఆ బండి ఉండదు, అది మాత్రం చూసుకో.

మద్దిలపాలెం మేడమ్ (రాత్రి 11:24)
ఆ గంట మీకు ఖరీదు కాదేమో, నాకు ఖరీదే. ఇంట్లో చిన్నపిల్ల ఉంది. పొద్దున పోయి, సచివాలయంలో పని చూసుకుని, రాత్రికి ఇంటికి రావాలంటే రెండు వైపులా కలిపి మిగిలే రెండు గంటలే పని జరగడానికీ జరగకపోవడానికీ తేడా. పైగా సాయంత్రం రైల్లో సీటు దొరకాలి కదా. ఆ మాట మీరు లెక్కలో వేయలేదు.

మెడికల్ రెప్ (రాత్రి 11:29)
మేడమ్, అదే రోజు తిరిగొచ్చేవాళ్లకి ఒప్పుకుంటాను. ఈ తమ్ముడికి మాత్రం వర్తించదు.

డాబాగార్డెన్స్ ట్రావెల్స్ (ఉదయం 7:35)
రోజూ టికెట్లు కొట్టేవాడిగా కొన్ని మాటలు. ఒకటి, సెర్చ్‌లో డైరెక్ట్ ఫ్లైట్ అని టిక్ పెట్టుకో. లేకపోతే హైదరాబాద్ మీదుగా చూపిస్తుంది. వైజాగ్ నుంచి హైదరాబాద్ గాల్లో 510, అక్కడి నుంచి వెనక్కి గన్నవరం 265. పక్క వీధికి బీచ్ రోడ్డు చుట్టి వెళ్లినట్టు. అది కొన్నవాళ్లు ఉన్నారు, నా దగ్గరికే వచ్చి తిట్టారు.

రెండు, ఈ బ్లాక్ టైమ్ ఊరికే తెలుసుకునే విషయం కాదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం, ముందుగా చెప్పకుండా ఫ్లైట్ రద్దు చేస్తే పరిహారం బ్లాక్ టైమ్‌ని బట్టే. గంట లోపు ఫ్లైట్ అయితే 5,000 రూపాయలు, గంట నుంచి రెండు గంటల దాకా 7,500, అంతకు మించితే 10,000. లేదా బేస్ ఫేర్, ఫ్యూయల్ చార్జి కలిపి ఎంతో అంత, రెండిట్లో ఏది తక్కువైతే అది. మన గంటా పది నిమిషాల ఫ్లైట్ రెండో గడిలో పడుతుంది. ఇది రీఫండ్‌కో వేరే ఫ్లైట్‌కో అదనం. రెండు గంటలు దాటి లేటైతే తినడానికీ తాగడానికీ ఇవ్వాలి, అడగండి. తుపాను, పొగమంచు లాంటి వాటికి మాత్రం పరిహారం రాదు.

ఎండాడ అక్క (ఉదయం 8:10)
పొగమంచు అనగానే గుర్తొచ్చింది. తమ్ముడూ, నీ వెరిఫికేషన్ వచ్చే నెల అంటే డిసెంబర్ కదా? డిసెంబర్, జనవరి నెలల్లో గన్నవరం దగ్గర పొద్దున్నే మంచు దట్టంగా కమ్మేస్తుంది. మా అత్తగారు ఎక్కిన విమానం గన్నవరం పైన గిరగిరా తిరిగి తిరిగి, రన్‌వే కనబడక హైదరాబాద్‌లో దింపింది. అక్కడి నుంచి ఆవిడ వచ్చేసరికి పెళ్లి అయిపోయి, భోజనాల బంతి కూడా లేచింది. ఉదయం 11 గంటల పని పెట్టుకుని అదే రోజు ఉదయం విమానాన్ని నమ్ముకోవద్దు. రైలును కూడా నమ్ముకోవద్దు. ముందు రోజే వెళ్లిపో.

టవర్ తాతయ్య (ఉదయం 8:22)
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. మంచు కరిగేది ఎండ ముదిరాక. ఎనిమిదీ తొమ్మిదీ దాకా ఆగాల్సి రావచ్చు. సాయంత్రం ఫ్లైట్‌కి ఈ బాధ ఉండదు. కాకపోతే పొద్దున ఎక్కడో జరిగిన ఆలస్యం రోజంతా పోగుపడి సాయంత్రానికి వస్తుంది. ఒకే విమానం నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది కదా. బయలుదేరే ముందు మన విమానం ఏ ఊరి నుంచి రావాలో, అది అక్కడ లేచిందో లేదో ఫ్లైట్ ట్రాకర్‌లో చూసుకుంటే చాలు.

గాజువాక గురివింద (ఉదయం 9:05)
ఇంతకీ మన ఎయిర్‌పోర్టు భోగాపురానికి మారాక ఈ లెక్కలన్నీ ఏమవుతాయి? ఎవరూ మాట్లాడరేం?

మర్రిపాలెం మాస్టారు (ఉదయం 9:40)
లెక్క తేలికే. భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు ఎయిర్‌పోర్టు మన ఊరికి ఈశాన్యంగా 45 కి.మీ. పైన ఉంది. గన్నవరం దూరం 290 నుంచి దాదాపు 330కి పెరుగుతుంది. గాల్లో అది నాలుగైదు నిమిషాలు. నేవీ రద్దీ ఉండదు, రన్‌వే 3,800 మీటర్లు, కాబట్టి ఆ నిమిషాలు అక్కడే తిరిగొస్తాయి. టికెట్ మీద టైము పెద్దగా మారదనే నా అంచనా.

రోడ్డు మీద మాత్రం నిన్న చెప్పిన ఎదురెదురు లాభం పోతుంది. విజయవాడ పోవాల్సిన గాజువాక మనిషి ముందు విజయనగరం జిల్లా దాకా వెనక్కి పోవాలి. ఊరంతా దాటుకుని గంటన్నర. తర్వాత అదే దూరం గాల్లో తిరిగి రావాలి. ఢిల్లీకో సింగపూర్‌కో పోయేవాడికి అదొక లెక్క కాదు. విజయవాడకి పోయేవాడికి మాత్రం రైలే గతి.

సిక్కోలు చిన్నోడు (ఉదయం 9:52)
మాస్టారూ, ఇన్నేళ్లూ మేము శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్లు పైన వచ్చి మీ ఊరంతా దాటుకుని విమానం ఎక్కాం. అప్పుడెవరూ లెక్కలు కట్టలేదు. ఇప్పుడు మాకు బేగి అందుతుంది, మీరు కొంచెం కదలండి. విమానయాన మంత్రి కూడా మావోడే.

గాజువాక గురివింద (ఉదయం 9:58)
మంత్రి మీవాడైతే రోడ్డు మాకు వేయించండి. 2019లో ఒకరు శంకుస్థాపన, 2023లో ఇంకొకరు శంకుస్థాపన...

మోడరేటర్ (ఉదయం 10:04)
శంకుస్థాపనల చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి పదండి. ఇక్కడ దూరం, టైము మాత్రమే.

కంచరపాలెం కుర్రాడు (మధ్యాహ్నం 1:18)
అందరికీ థ్యాంక్స్. ముందు రోజు మధ్యాహ్నం రత్నాచల్ రైల్లో వెళ్తాను. గుంటూరులో పిన్ని ఇల్లు ఉంది, రాత్రికి అక్కడ. వెరిఫికేషన్ అయ్యాక తిరుగు ప్రయాణానికి మాత్రం విమానం టికెట్ కొన్నాను, మధ్యాహ్నం ఫ్లైట్. మెడికల్ రెప్ అన్న కోప్పడొద్దు, ఒక్కసారి ఎక్కాలని ఉంది. తాతయ్య గారూ, కిటికీ సీటు ఏ వైపు తీసుకోమంటారు?

మెడికల్ రెప్ (మధ్యాహ్నం 1:25)
కోపం దేనికి, ఎక్కు. నీళ్ల సీసా మాత్రం ఖాళీగా తీసుకెళ్లు, లోపల నింపుకోవచ్చు.

టవర్ తాతయ్య (మధ్యాహ్నం 2:02)
ఎడమ వైపు తీసుకో. మబ్బు లేకపోతే ముందు రాజమండ్రి దగ్గర గోదావరి, వంతెనలు కనిపిస్తాయి. దిగేటప్పుడు సముద్రం వైపు నుంచి వస్తే డాల్ఫిన్స్ నోస్, పోర్టు కూడా ఎడమ పక్కనే. కుడి వైపు వాళ్లకి బీచ్, కైలాసగిరి. అయితే డిసెంబర్‌లో ఈశాన్యపు గాలి కదా, 10 మీద దింపే అవకాశం ఎక్కువ. అప్పుడు అనకాపల్లి వైపు నుంచి నేరుగా వచ్చేస్తారు, సముద్రం చుట్టు ఉండదు, నాలుగు నిమిషాలు ముందే దిగుతావు. అలా దిగితే ఎడమ పక్క సింహాచలం కొండ, కుడి పక్క స్టీల్ ప్లాంట్ వైపు. ఏటీఆర్ అయితే రెక్క నెత్తి మీద ఉంటుంది కాబట్టి ఏ వరసైనా కిందికి బాగా కనబడుతుంది. జెట్ అయితే రెక్క మీద పడే మధ్య వరసలు మాత్రం తీసుకోకు.